మనవాళ్లు ఎవరు?
తొలి క్రైస్తవ సంఘాల్లో తెగ, చుట్టరికం, ఉమ్మడి సంస్కృతి

ఏడో తరగతిలో కుటుంబం, బంధుత్వం గురించి చెప్తున్న రోజు. వెనక బెంచీలో కూర్చున్న తండా పిల్ల లేచి అడిగింది: "సార్, మా అవ్వ ప్రార్థనకు పోతాది. అందుకని మేము గోర్ కాదంట. తీజ్ పండగకు గోధుమ మొలకల బుట్ట ముట్టగూడదని మా పెదనాయన అన్నాడు. ప్రార్థన కాడేమో, తీజ్‌కు పోతే పాపమంటారు. మేము ఎవరం సార్?"

ఆ రోజు నేను చెప్పిన జవాబు నాకే నచ్చలేదు. "అందరం మనుషులమే కూర్చో" అన్నాను. అది జవాబు కాదు, తప్పించుకోవడం. పత్తికొండ, ఆదోని, ఎమ్మిగనూరు వైపు తండాల్లో, ఎరుకల కాలనీల్లో ఈ ప్రశ్న ఈనాడు ఇంటింటా ఉంది. ఒకవైపు "ఏసును నమ్మినవాడు తెగలోనివాడు కాడు" అంటున్నారు. ఇంకోవైపు "తెగ ఆచారం వదలనివాడు విశ్వాసి కాడు" అంటున్నారు. ఇద్దరూ ఒకే మాట అంటున్నారని గమనించండి. తెగ, విశ్వాసం ఒకే ఇంట్లో ఉండలేవని ఇద్దరి తీర్పు.

ఆ తీర్పు నిజమా? తొలి క్రైస్తవ సంఘాలు ఎట్లా పుట్టాయో, మన తెలుగు నేల మీద తొలి సంఘాలు ఎట్లా పుట్టాయో పక్కపక్కన పెట్టి చూస్తే, రెండు వర్గాలూ తప్పే చదువుతున్నాయని నాకనిపిస్తుంది. నేను మతం చెప్పేవాణ్ని కాదు, మతాన్ని ఖండించేవాణ్నీ కాదు. పాఠం చదివి చెప్పడం నా పని. ఇక్కడా అదే చేస్తున్నాను.

బైబిల్లోని గోత్రం

తెలుగు బైబిల్లో ఇశ్రాయేలీయుల పన్నెండు తెగలను "గోత్రములు" అన్నారు. అనువాదకులకు ఆనాడు దొరికిన పెద్దమనుషుల మాట అది. కానీ మనకు గోత్రం అంటే వేరే అర్థం ఉంది. మనలో రాథోడ్ రాథోడ్‌ను చేసుకోడు, చౌహాన్ చౌహాన్‌ను చేసుకోడు. గోత్రం పెండ్లికి అడ్డుగీత. ఇశ్రాయేలులో అట్లా కాదు. సంఖ్యాకాండంలో సెలోపెహాదు కూతుళ్ల కథ ఉంది. కొడుకులు లేని తండ్రి భూమి కూతుళ్లకు వచ్చింది. వాళ్లు తమ తెగలోనే పెండ్లి చేసుకోవాలని షరతు పెట్టారు. ఎందుకు? తెగ భూమి ఇంకో తెగకు పోకూడదని.

ఇది చదివినప్పుడు నాకు 1970 నాటి 1/70 చట్టం గుర్తొచ్చింది. ఏజెన్సీలో గిరిజనుల భూమి గిరిజనేతరులకు పోకూడదన్న చట్టం అది. మైదానంలో ఉన్న మనకు అది వర్తించదు గానీ, అందులోని ఆలోచన మనకు పరాయిది కాదు. అంటే బైబిల్లోని "గోత్రం" మన గోత్రం కాదు, అది తెగ. భూమి, చుట్టరికం, పెద్దల మాట, కథలు, పండగలు అన్నీ కలిసిన తెగ. ఆ ఒక్క మాటను "తెగ" అని తెలుగు చేసి ఉంటే, బైబిలు తెగల పుస్తకమని మన పిల్లలకు ఎప్పుడో తెలిసేది.

పౌలు సంగతి చూడండి. క్రీస్తులో యూదుడని, గ్రీసు దేశస్థుడని భేదం లేదని గలతీయులకు రాసినవాడు ఆయనే. తాను బెన్యామీను తెగవాణ్నని రోమీయులకు రాసిందీ ఆయనే. తెగ పేరు ఆయనకు సిగ్గు కాలేదు. భేదం లేదన్నది దేని గురించి? అది తేలితే మన ప్రశ్నా తేలుతుంది.

విస్తరి దగ్గర పడిన గొడవ

మన భాషలో మనవాళ్లు గోర్, బయటివాళ్లు కోర్. ప్రతి తెగకూ ఇట్లాంటి రెండు మాటలు ఉంటాయి. యూదులకూ ఉన్నాయి. తాము ఒక వైపు, "అన్యజనులు" ఒక వైపు. తొలి సంఘంలో పెద్ద గొడవ దేవుడి గురించి కాదు, తిండి గురించి. అంతియొకయలో పేతురు అన్యజనులతో కలిసి తినేవాడు. యెరూషలేము నుంచి యాకోబు మనుషులు రాగానే లేచి దూరం జరిగాడు. పౌలు అందరి ముందూ ఆయన్ను నిలదీశాడు. మన మాటల్లో చెప్పాలంటే, కోర్ ఇంట్లో కూర్చుని తింటున్న గోర్, తండా పెద్దలు వస్తున్నారని చూసి విస్తరి ముందు నుంచి లేచిపోయాడు.

అప్పటి ప్రశ్న ఏమిటంటే, కోర్ ఈ సంఘంలోకి రావాలంటే ముందు గోర్ కావాలా? సున్నతి చేయించుకోవాలా? క్రీ.శ. 49 ప్రాంతంలో యెరూషలేములో పెద్దలు కూర్చుని అక్కర్లేదని తేల్చారు. ఇంతవరకు మన పాస్టర్లు చెప్తూనే ఉంటారు. రెండో సగం మాత్రం ఎవరూ చెప్పరు. సున్నతి ఉన్నవాడు దాన్ని పోగొట్టుకోవాలని చూడనక్కర్లేదని కూడా పౌలు కొరింథీయులకు రాశాడు. అంటే కోర్ గోర్ కానక్కర్లేదు, గోర్ తన గోర్‌తనాన్ని పారేయనక్కర్లేదు. ఒకే విస్తరి దగ్గర కూర్చుంటే చాలు.

పేర్లు చూసినా ఇదే. ఈనాడు బాప్తిస్మం తీసుకున్న సోమ్లా నాయక్ యోహాను అవుతాడు. రోమా పత్రిక చివరి అధ్యాయంలో పౌలు చెప్పిన వందనాల జాబితా తీసి చదవండి. ఫీబే, హెర్మే, నేరియ. ఇవన్నీ గ్రీకు దేవతల పేర్లు. ఎపఫ్రొదితు పేరులో అఫ్రొదీతె అనే దేవత ఉంది. వాళ్లెవరూ పేరు మార్చుకోలేదు, పౌలు మార్చుకోమని అడగనూ లేదు. రెండో శతాబ్దంలో పేరు తెలియని ఒక రచయిత దియోగ్నేతు అనే ఆయనకు రాసిన లేఖ ఉంది. క్రైస్తవులు వేరే ఊళ్లలో ఉండరు, వేరే భాష మాట్లాడరు, తిండీ బట్టా ఎక్కడి ఆచారం అక్కడ పాటిస్తారు అని అందులో వివరిస్తాడు. మరి ఫేటియా, కాంచళి వేసుకున్న అవ్వను ప్రార్థనలో కూర్చోబెట్టడానికి చీర కట్టించాలన్న నియమం ఎక్కడి నుంచి వచ్చింది? బైబిల్లోంచి మాత్రం రాలేదు. చీర కట్టుకునే ఊరివాళ్ల నుంచి వచ్చింది.

ఇంకొకటి. ఆ విశ్వాసం పాకింది చుట్టరికం దారినే. కొర్నేలి తన బంధువులను, స్నేహితులను ఇంటికి పిలిచి పేతురు కోసం ఎదురుచూశాడు. ఫిలిప్పీలో రంగు బట్టల వ్యాపారం చేసే లూదియ ఇల్లు ఇల్లంతా బాప్తిస్మం తీసుకుంది. యెరూషలేము సంఘానికి పెద్దగా ఉన్న యాకోబు ఏసుకు తమ్ముడు. ఆయన చనిపోయాక ఏసుకు దాయాది అయిన సుమెయోనును ఎన్నుకున్నారని నాలుగో శతాబ్దపు చరిత్రకారుడు యూసేబియస్ రాశాడు. మన తండాలో నాయకు కొడుకే నాయకు అయినట్టే. ఈ పద్ధతిలో మంచీ ఉంది, చెడూ ఉంది. ఇప్పుడు పాస్టరు కొడుకే పాస్టరు అయ్యే సంఘాలు చూస్తున్నాం కదా.

అయితే ఆ చుట్టరికాన్ని వాళ్లు విప్పి పెద్దది చేశారు. తల్లీ తమ్ముళ్లూ వచ్చి బయట నిలబడ్డారని చెప్తే, దేవుడి ఇష్టం చేసేవాళ్లే నా తల్లి, నా తోబుట్టువులు అనే అర్థంలో ఏసు జవాబిచ్చాడు. పారిపోయిన బానిస ఒనేసిమును యజమాని ఫిలేమోను దగ్గరికి పంపుతూ, అతన్ని బానిసలా కాక తమ్ముడిలా చేర్చుకోమని పౌలు ఉత్తరం రాశాడు. బంధుత్వం అనే మాటను కొట్టెయ్యలేదు. ఆ మాటతోనే బయటివాణ్ని లోపలికి పిలిచారు.

ఒంగోలు దారి

ఇప్పుడు మన నేలకు వద్దాం. మన పక్క తూర్పున ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో పని మొదలుపెట్టాడు. మొదట బడికి అగ్రకులాల పిల్లలు వచ్చారు. మాదిగలు వచ్చి చేరితే మేం రామని వాళ్లు అన్నారు. క్లౌ మాదిగలనే చేర్చుకున్నాడు. ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద మొదటివాళ్లలో ఒకడు. అప్పటికే ఆయన ఒక గురువు దగ్గర యోగమార్గం నేర్చుకున్నవాడు, తోళ్ల బేరం మీద ఊళ్లు తిరిగినవాడు. ఆయన నడిచిన దారి చుట్టాల దారి. ఏ పల్లెలో మేనమామ ఉన్నాడో, ఏ పల్లెకు ఆడబిడ్డను ఇచ్చారో ఆ పల్లెకు మాట వెళ్లింది. దొర గుర్రం మీద పోయినదానికంటే పేరయ్య కాలినడకన పోయిందే ఎక్కువ దూరం పాకింది.

1876–78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వించే గుత్త తీసుకున్నాడు. వేలమంది ఆ పనిలో బతికారు. తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని కరువు పని ఉన్నన్నాళ్లు బాప్తిస్మాలు ఆపాడు. ఆ తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఒక్కొక్క మనిషి విడివిడిగా ఆలోచించుకుని వస్తే ఒక్క రోజులో ఇంతమంది రారు. ఇండ్లకు ఇండ్లు, పల్లెలకు పల్లెలు వచ్చాయి. లూదియ ఇల్లు వచ్చినట్టే.

క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ ఆ పెద్దల కథలు విని 1899లో ఒక పుస్తకం అచ్చువేసింది. దాని పేరు 'వైల్ సూయింగ్ శాండల్స్', అంటే చెప్పులు కుడుతూ అని. ఉపశీర్షికలో మాదిగలను ఆమె "తెగ" అంది. ఆ పుస్తకంలో మెచ్చుకోవలసింది ఉంది. మాదిగలకు సొంత పురాణం ఉందని, మాతంగి ఉందని, గురువులు ఉన్నారని, వాళ్లు ఏమీ లేని జనం కాదని వంద ఏండ్ల కింద చెవిపెట్టి విని రాసింది. లోపమూ ఉంది. ఆ కథలన్నీ చివరికి క్రైస్తవానికి ఎక్కే మెట్లుగానే ఆమెకు కనిపిస్తాయి. మెట్టు ఎక్కాక మెట్టుతో పనేముంది? పేరయ్య గురువు దగ్గర నేర్చుకున్నది ఆయనలో చివరిదాకా పని చేసింది కదా అన్న ప్రశ్న పుస్తకం గట్టిగా వేసుకోదు.

క్లౌ కొత్తవాళ్లకు మూడు నియమాలు పెట్టాడు. ఆదివారం పని చేయొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. చూడడానికి ఇవి మతనియమాలు. ఊళ్లో మాత్రం వీటి అర్థం వేరు. ఆదివారం రెడ్డి పిలిస్తే పోకూడదు. చచ్చిన గొడ్డును ఈడ్చే వెట్టి ఆగుతుంది. జాతరలో డప్పు కొట్టే వెట్టి ఆగుతుంది. అందుకే ఊరు తిరగబడింది. ఇక్కడ నేను ఒక గీత గీస్తాను. డప్పు కొట్టే వెట్టి పోవడం విడుదల. వెట్టితో పాటు డప్పు కూడా పోవడం నష్టం. ఆ రెండింటినీ విడదీసి చూసే ఓపిక ఆనాటి మిషనరీలకు తక్కువ. ఈనాటి మన పాస్టర్లకూ తక్కువే.

చుట్టరికం దారి అయిందన్నాను. అదే గోడ కూడా అయింది. కడప వైపు లండన్ మిషన్‌లో మాలలు ఎక్కువ, ఒంగోలు వైపు బాప్టిస్టుల్లో మాదిగలు ఎక్కువ. మాట ఏ కులంలోకి ముందు పోతే ఆ కులం దాటడం కష్టమైంది. ఒకే ఏసును కొలిచే మాల చర్చి, మాదిగ చర్చి ఒకే ఊళ్లో వేరువేరుగా ఉన్నాయి. రొట్టె, ద్రాక్షరసం కలిసి తీసుకుంటారు, పెండ్లి మాట వస్తే లేచి దూరం జరుగుతారు. అంతియొకయలో పేతురు చేసిన పనే ఇది. ఇక్కడ నిలదీసే పౌలు లేడు.

అదే మాటకు సంకెళ్లు

"తెగ" అన్న ఇంగ్లీషు మాట పోలీసు రిజిస్టరులోంచి కూడా మన మీదికి వచ్చింది. 1871లో నేరస్థ తెగల చట్టం చేశారు. 1911లో దాన్ని మార్చాక మద్రాసు రాజధానిలోనూ వాడారు. ఎరుకలను పట్టి బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో పెట్టి, ఆ సెటిల్‌మెంటును సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. హాజరు పిలుపు, ఊరు దాటాలంటే చీటీ, చీరాల పొగాకు ఫ్యాక్టరీలో కూలి. ఉప్పు, ధాన్యం గాడిదల మీద వేసుకుని తిరిగే జనానికి తిరుగుడే బంధుత్వం. ఎక్కడ ఏ చుట్టం ఉన్నాడో ఆ దారినే బేరం నడిచేది. తిరుగుడు ఆపితే చుట్టరికం తెగుతుంది. రైలు, ఉప్పు చట్టం వాళ్ల బేరం ఎట్లా తీశాయో, సెటిల్‌మెంటు ఎట్లా నడిచిందో మీనా రాధాకృష్ణ 2001లో వచ్చిన తన పుస్తకంలో వివరంగా రాశారు.

ఒంగోలులో విశ్వాసం చుట్టరికం కాళ్ల మీద నడిచింది. స్టూవర్టుపురంలో చుట్టరికం కాళ్లకు సంకెల వేసి పక్కన ప్రార్థన పెట్టారు. రెండింటినీ "మతమార్పిడి" అన్న ఒకే మాటతో చెప్పేవాళ్లు చరిత్ర చదవనట్టే. ఆ ముద్ర దేశమంతటా తీసేసింది 1952లో.

రెండు తప్పు చదువులు

ఇండియాలో పుట్టి, ఇక్కడే మిషనరీగా పనిచేసిన డొనాల్డ్ మెక్‌గావ్రన్ 1955లో 'ది బ్రిడ్జెస్ ఆఫ్ గాడ్' అనే పుస్తకం రాశాడు. విశ్వాసం చుట్టరికం అనే వంతెనల మీదుగా పోతుందని ఆయన చూసిన సంగతి నిజం. తర్వాత 1970లో రాసిన పుస్తకంలో, జనం జాతి, భాష, వర్గం గీతలు దాటకుండానే క్రైస్తవులు కావడానికి ఇష్టపడతారు అన్నాడు. ఉన్న సంగతి చెప్పడం వేరు, దాన్ని పద్ధతిగా పెట్టుకోవడం వేరు. వంతెన దాటడానికి, కాపురం పెట్టడానికి కాదు. ఆ ఆలోచనను అక్షరాలా పాటిస్తే మాల చర్చి, మాదిగ చర్చి, సుగాలి చర్చి ఎప్పటికీ వేరువేరే.

రెండో తప్పు చదువు దీనికి తిరగబడ్డది. "క్రీస్తులో తెగ లేదు, కాబట్టి తీజ్ లేదు, సేవాలాల్ కథ లేదు, గోర్ మాట లేదు." ఇట్లా అనేవాళ్ల సంఘంలో తెగ పోయాక ఏ సంస్కృతీ లేకుండా ఉంటుందా? ఉండదు. పట్నం తెలుగు, పట్నం పాట, పట్నం బట్ట వచ్చి కూర్చుంటాయి. తెగను తీసేయడం అంటే పక్కవాడి తెగలో చేరడమే.

ఈ రెండు చదువుల్లోనూ కలిసిపోయిన విషయం ఒకటి ఉంది. చుట్టరికం వేరు, అంతస్తు వేరు. "వీడు నాకేమవుతాడు?" అని అడిగేది చుట్టరికం. "వీడు నాకంటే ఎంత కింద?" అని అడిగేది అంతస్తు. పౌలు భేదం లేదన్నది రెండోదాని గురించి. మొదటిదాన్ని ఆయన తన పేరుతో పాటు మోసుకుని తిరిగాడు. తెగ పిచ్చి అని మనం తిట్టేది కూడా చుట్టరికం అంతస్తుగా మారినప్పుడే.

మన తండా లోపల

ఇతరులను విమర్శించి ఊరుకుంటే అన్యాయం. మన తండాకు డప్పు వాయించిన డాళియాలు గోర్ మాటే మాట్లాడతారు. మన పెండ్లిళ్లు వాళ్ల వాద్యంతోనే నడిచాయి. కానీ మన పెద్దలు వాళ్ల చేతి నీళ్లు తాగలేదు. ఊరు మనల్ని దూరం పెట్టింది, మనం డాళియాను దూరం పెట్టాం. ఎరుకలతో, మాదిగలతో మనం ఎట్లా మసలుకుంటున్నామో ఎవరికి వారు చూసుకోవాలి. సుగ్గికి గుంటూరు మిరప తోటలకు పోయినప్పుడు అందరం ఒకే పట్ట కింద పడుకుంటాం, ఒకే పొయ్యి మీద వండుకుంటాం. తిరిగి వచ్చి బస్సు దిగగానే ఎవరి విస్తరి వారిది. ఆ పొయ్యి దగ్గర ఉన్నది తొలి సంఘానికి దగ్గరి పోలిక. బస్సు దిగాక ఉన్నది కాదు.

ఆ పిల్లకు జవాబు

చట్టం సంగతి కూడా మన టీచర్లకు తెలిసి ఉండాలి. 1950 షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో మతం షరతు ఉంది. హిందువులకే అని మొదలై, 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. అందుకే క్రైస్తవులైన మాల, మాదిగ పిల్లలు మన రాష్ట్రంలో బీసీ-సీ కిందికి పోతారు. కాగితంలో ఒక మతం, ఇంట్లో ఒక మతం అనే రెండు బతుకుల బాధ అక్కడిది. షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో మాత్రం అట్లాంటి మతం షరతు లేదు. 2004లో కేరళ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందేమిటంటే, మతం మారినంత మాత్రాన తెగ పోదు. తెగ ఆచారాలు, కట్టుబాట్లు పాటిస్తున్నారా, తెగవాళ్లుగానే ఉన్నారా అన్నది విచారించి తేల్చాలి. ఇప్పుడు మతం మారిన గిరిజనులను జాబితాలోంచి తీసేయాలని గట్టిగా అడుగుతున్నారు. అట్లాంటప్పుడు తీజ్ బుట్ట ముట్టొద్దని ఆ పిల్లను గెంటే పెదనాయన, తీజ్‌కు పోవద్దని ఆపే పాస్టరు, ఇద్దరూ ఆ పిల్ల హక్కుకే ఎసరు పెడుతున్నారు. వాళ్లకు ఆ సంగతి తెలియదు. చెప్పవలసింది మనమే.

తర్వాతి వారం ఆ పిల్లను పిలిచాను. "నీ గోత్రం ఏంది?" అన్నాను. చెప్పింది. "మీ అవ్వది?" చెప్పింది. "మీ తాత పోయినప్పుడు ఎవరు మోసినారు?" "మా పెదనాయనోళ్లే సార్." "ప్రార్థనోళ్లు వచ్చినారా?" "వచ్చినారు. వంట వాళ్లే చేసినారు."

"అయితే వాళ్లూ మీవాళ్లే, వీళ్లూ మీవాళ్లే. నువ్వు గోర్‌వే. ఈ మాట మీ పెదనాయనకు నేను చెప్తాను" అన్నాను.

చెప్పడానికి పోయినాను. ఆయన ఇంకా ఒప్పుకోలేదు. పాస్టరు గారూ ఒప్పుకోలేదు. మళ్లీ తీజ్ వచ్చేలోగా ఇద్దరినీ ఒక మంచం మీద కూర్చోబెట్టాలని చూస్తున్నాను. మీ తండాలో, మీ కాలనీలో ఇట్లాంటి పిల్ల ఉంటే, నాలాగా మొదటి రోజు తప్పించుకోకండి.